వెల చూడని వైద్యం

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుట్టబండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. ఆయన పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఒకేచోట దొరికిన తావులు దేశంలో చాలా తక్కువ. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి, కాలం క్రీ.పూ. 3వ శతాబ్దం. రెండో శాసనంలో చక్రవర్తి చెప్పుకున్న సంగతి ఇది: తన రాజ్యంలోనూ, చోళ పాండ్య దేశాల్లోనూ, యవన రాజు అంతియోకుడి ఏలుబడిలోనూ మనుషులకు ఒక చికిత్స, పశువులకు ఒక చికిత్స ఏర్పాటు చేయించాడు. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు, దుంపలు, పండ్లు లేని చోటికి తెప్పించి నాటించాడు. బాటల వెంట బావులు తవ్వించి, చెట్లు పెట్టించాడు. అవి కూడా ఇద్దరి కోసమే.

మందు, నీళ్లు, నీడ. మూడింటినీ ఒక్క ఊపిరిలో చెప్పిన ఆ నాలుగు వాక్యాలను మించిన పశుసంరక్షణ నిర్వచనం నాకు ఇంతవరకు కనబడలేదు. ఈ కాలంలో సమగ్ర సంరక్షణ అంటున్నది దీన్నే: రోగం ఒక్కదాన్నే కాక ప్రాణి మేతను, ఉండే చోటును, చేసే పనిని, మనసును కలిపి చూడడం. ఆ శాసనంలో ఇంకొకటి ఉంది. చికిత్స ఏ పశువుకో అది చెప్పలేదు. యుద్ధపుటేనుగుకా, పాడి ఆవుకా, ముసలి గాడిదకా అన్న లెక్క అందులో లేదు. తర్వాతి రెండువేల ఏళ్లూ ఆ లెక్కతోనే నడిచాయి.

అర్థశాస్త్రం తెరిస్తే ఆ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. గోవులకు, గుర్రాలకు, ఏనుగులకు వేర్వేరు అధ్యక్షులు ఉన్నారు. గుర్రపుశాల ఎటు ముఖంగా ఉండాలో, ఈనిన ఆడగుర్రానికి మొదటి మూడు రాత్రులు నెయ్యి ఎంత పట్టాలో కూడా అందులో రాసి ఉంది. చికిత్సలో అశ్రద్ధ వల్ల జబ్బు ముదిరితే వైద్యుడు ఖర్చుకు రెట్టింపు జుర్మానా కట్టాలి. మందు వికటించి గుర్రం పోతే దాని వెల మొత్తం కట్టాలి. అయితే ఆ శ్రద్ధంతా సైన్యం కోసం. గుర్రం ఖజానా ఆస్తి కాబట్టి దానికి వైద్యుడు ఉన్నాడు.

ఏనుగుల విషయంలో మాత్రం ఆ రాజశాస్త్రంలోకి కరుణ దారి చేసుకుని వచ్చింది. పాలకాప్యుడి కథే చూడండి. అంగదేశంలో పంటలు తొక్కుతున్నాయని రోమపాద రాజు అడవి ఏనుగులను పట్టించి చంపానగరానికి తెప్పించాడు. ఆ మందతోనే పెరిగిన ముని పాలకాప్యుడు వాటిని వెతుక్కుంటూ వచ్చి, కట్టుగొయ్యల దగ్గర కూర్చుని వాటి పుండ్లకు మందు రాశాడు. రాజు అడిగితే చెప్పిందే హస్త్యాయుర్వేదం అంటారు. నాలుగు భాగాల పెద్ద గ్రంథం అది. పెద్ద రోగాలు, చిన్న రోగాలు, శస్త్రచికిత్స, ఆహార విహారాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ సంప్రదాయంలోనే నీలకంఠుడు రాసిన మాతంగలీల ఇంకో అడుగు ముందుకు వేసింది. కొత్తగా పట్టిన ఏనుగు అడవిని, మందను, నీటి మడుగులను తలుచుకుని కుమిలిపోతుందనీ, ఆ దిగులుతోనే చిక్కిపోతుందనీ, చనిపోతుందనీ చెప్పింది. జంతువుకు మనోవ్యాధి ఉంటుందని ఒప్పుకోవడానికి పాశ్చాత్య శాస్త్రానికి చాలా కాలం పట్టింది. మన శాస్త్రకారుడు కట్టుగొయ్య దగ్గర నిలబడి కళ్లతో చూసి రాశాడు. కాకపోతే దిగులుకు మందు చెప్పాడే గాని కట్టు విప్పమని అనలేదు.

గుర్రాలకు శాలిహోత్రుడి శాస్త్రం ఉంది. అది పారశీకంలోకి వెళ్లింది. తెలుగులోనూ మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. అయినా పుస్తకాలు ఉన్నంత మాత్రాన గుర్రాలు బతకలేదు. 13వ శతాబ్దం చివర దక్షిణ తీరానికి వచ్చిన మార్కో పోలో, పాండ్య దేశానికి ఏటా ఓడల్లో వేల గుర్రాలు దిగుతాయనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో కొన్నే మిగులుతాయనీ రాశాడు. ఇక్కడివాళ్లకు గుర్రాలను చూసుకోవడం చేతకాక, అన్నంలో మాంసం కలిపి పెడతారని ఆయన ఫిర్యాదు. యాత్రికుడి మాటలో కొంత అతిశయం ఉండొచ్చు. కానీ ఎడారి గడ్డి తినే ప్రాణికి మన అన్నం పెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇవాళ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మే నెల ఎండకు రొప్పుతున్న సైబీరియన్ హస్కీ కుక్కలను చూసినప్పుడల్లా నాకు ఆ గుర్రాలే గుర్తొస్తాయి.

రైతు పశువుకు రాజవైద్యుడు లేడు. దానికి ఉన్నది ఇంటి పెద్ద చేతివైద్యం. రాయలసీమ పల్లెల్లో కనుమ రోజు ఉప్పుచెక్క అని ఒకటి పెడతారు. మద్దిచెక్క, నేరేడుచెక్క, నల్లేరు, మారేడు వంటివి ఎండబెట్టి, దంచి, ఉప్పు కలిపి పశువుల చేత తినిపిస్తారు. ఏడాదికోసారి కడుపు శుభ్రం చేసే పద్ధతి అది. పండుగలో కలిసిపోయింది కాబట్టే తరాలు నిలిచింది. కాడి మోసిన ఎద్దుకు ఆ రోజు పని చెప్పకపోవడం, కడిగి, కొమ్ములకు రంగు వేసి, పొంగలి పెట్టడం కూడా సంరక్షణలో భాగమే. అదే పల్లెలో, అదే చేతులతో, కాలు కుంటితే, కడుపు ఉబ్బితే ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టేవాళ్లు. ఇప్పటికీ అక్కడక్కడా పెడుతున్నారు. పాతదంతా మంచిదని చెప్పేవాళ్లు ఆ వాత మచ్చలను ఒకసారి తడిమి చూడాలి.

చేతివైద్యం ఏమీ చేయలేకపోయిన జబ్బు రిండర్‌పెస్ట్. జ్వరం, నోటిపుళ్లు, విరేచనాలతో వారం పది రోజుల్లో మందలు మందలే పోయేవి. ఎద్దు పోతే సేద్యం ఆగిపోయేది, కరువు వచ్చేది. 1761లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో క్లోద్ బూర్జెలా తొలి పశువైద్య పాఠశాల స్థాపించడానికి ఒక ముఖ్య కారణం ఈ రోగమే. మన దగ్గర 1889లో పుణెలో ఇంపీరియల్ బాక్టీరియాలజికల్ లాబొరేటరీ మొదలైంది. అంటురోగం ఊళ్లకు పాకకుండా ఉండాలని దాన్ని 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. 1920ల చివర అక్కడే జె.టి. ఎడ్వర్డ్స్ మేకల ద్వారా ఆ వైరస్‌ను బలహీనపరచి టీకా తయారుచేశాడు. 1903లో మద్రాసులోనూ, 1955లో తిరుపతిలోనూ పశువైద్య కళాశాలలు వచ్చాయి. 1954 నుంచి దేశమంతా టీకాలు వేశారు. 2006లో భారత్‌కు ఆ రోగం లేని దేశంగా గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం నుంచే అది పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో రోగం ఇదే. మూలికలే చాలు, టీకాలు వద్దు అనే మాట ఎక్కడ విన్నా, ఊరూరా టీకా పెట్టె మోసుకుని తిరిగిన పశువైద్య సిబ్బందిని తలుచుకోవాలి.

అయితే ఆ ప్రయోగశాల కూడా ఎద్దు కోసం, గుర్రం కోసం వచ్చిందే. వెలలేని ప్రాణుల కథ వేరే దారిలో నడిచింది. 1832లో బొంబాయిలో వీధికుక్కలను చంపమని ప్రభుత్వం పోలీసులను పురమాయిస్తే పార్సీలు తిరగబడ్డారు. మిగతావాళ్లూ తోడయ్యారు, నగరం స్తంభించింది. 1834లో జంషెట్‌జీ జీజీభాయ్, మోతీచంద్ అమీచంద్ కలిసి అక్కడ పాంజ్రాపోల్ అనే జంతు శరణాలయం పెట్టించారు. 1861లో కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ జీవహింస నివారణ సంఘం స్థాపించాడు. 1890లో చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం చాలదని రాజ్యసభలో పట్టుబట్టినావిడ కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్. ఆమె తెచ్చిన ప్రైవేటు బిల్లును నెహ్రూ హామీ మీద ఉపసంహరించుకున్నారు. దాని ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. మద్రాసులో బ్లూక్రాస్ సంస్థ 1960లలోనే, చంపకుండా వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ చేయొచ్చని చేసి చూపించింది. ప్రభుత్వం దాన్ని దేశమంతటికీ నియమంగా రాసింది 2001లో. రేబిస్ ఆగాలంటే ఊళ్లో కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పట్టణాల్లో ఈ పని ఎన్నికల ముందో, పిల్లవాడిని కుక్క కరిచాకో గుర్తొస్తుంది. ఏడాది పొడవునా నడవాల్సిన పని అది.

అదే కాలంలో ఇంగ్లండులో ప్రశ్న కోళ్ల ఫారాల వైపు మళ్లింది. 1964లో రూత్ హారిసన్ రాసిన పుస్తకం బోనుల్లో కోళ్ల బతుకును బయటపెట్టింది. ప్రభుత్వం బ్రాంబెల్ సంఘాన్ని వేసింది. లేచి నిలబడడానికి, పడుకోవడానికి, అటూఇటూ తిరగడానికి, ఒళ్లు సవరించుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాచుకోవడానికి ప్రతి ప్రాణికీ చోటు ఉండాలని 1965లో ఆ సంఘం తేల్చింది. అదే పెరిగి 1979లో ఐదు స్వేచ్ఛలయింది: ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పీ రోగాల నుంచి, భయం నుంచి విముక్తి, తన సహజ ప్రవర్తన చూపుకునే వీలు. 2014లో జల్లికట్టు కేసులో మన సుప్రీంకోర్టు ఈ ఐదింటినీ 1960 చట్టంలో భాగంగా చదివింది. తీర్పు ఎద్దుల గురించి వచ్చింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న ఆంధ్ర, తెలంగాణల్లో బోనుకోడికి మాత్రం ఐదింటిలో మేత, మందు తప్ప మిగతావి దక్కలేదు. ఒక్క కోడి వెల ఎంత తక్కువంటే, జబ్బుపడిన ఒక్కదాన్ని చూడడానికి ఏ డాక్టరూ రాడు.

ఒక్క ప్రాణికి చేసిన వైద్యం మిగతా లోకాన్ని ఏం చేస్తుందో రాబందులు నేర్పాయి. 1990లలో పశువుల నొప్పికి, వాపుకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చవగ్గా దొరకడం మొదలైంది. రైతుకు మేలైంది, పశువుకు బాధ తగ్గింది. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. కొన్నేళ్లలోనే మూడు జాతుల రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా తుడిచిపెట్టుకుపోయాయి. ఊరి బయట కళేబరాలు కుళ్లాయి, కుక్కలు పెరిగాయి. కారణం తేలాక 2006లో పశువులకు ఆ మందు వాడడాన్ని ప్రభుత్వం నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అప్పటికే ఉంది. చికిత్స చేసేటప్పుడు కొట్టంలో పశువును ఒక్కదాన్నే చూస్తే చాలదని ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

యాంటీబయాటిక్స్ సంగతీ ఇంతే. పాలలోకి, మాంసంలోకి చేరి మనుషుల మందులను పనిచేయకుండా చేస్తున్నాయి. 2019లో కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు వాడకుండా నిషేధించారు. ఈ ఒత్తిడిలోనే పాత చేతివైద్యం మళ్లీ పరీక్షకు వచ్చింది. పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపి రాసే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి మండలి రైతులకు నేర్పుతోంది. పరీక్షకు నిలిచిన మూలికను వాడుకోవాలి, నిలవనిదాన్ని వదిలేయాలి. అది మన తాతల పేరు చెప్పుకున్నా, సహజం అన్న ముద్ర వేసుకున్నా సరే. నగరాల్లో ఆ ముద్రతో కుక్కలకు, పిల్లులకు అమ్ముతున్న నూనెల్లో, పొడుల్లో ప్రాణాలు తీసేవీ ఉన్నాయి. టీట్రీ నూనె పిల్లికి విషం. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు.

కాబట్టి ఇంట్లో ప్రాణిని పెట్టుకున్నవాళ్లకు నా విన్నపం ఇది. మన వాతావరణంలో బతకగల జాతినే తెచ్చుకోండి. ఏటా రేబిస్ టీకా వేయించండి. డాక్టరు చెప్పకుండా మీ మందుల డబ్బాలోంచి ఏదీ వేయకండి. రోజూ కాసేపు దానితో నడవండి. పాడిపశువుకు జబ్బు చేస్తే వాత పెట్టించకండి, 1962కు ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం మీ ఊరికే వస్తుంది.