వాన నీటి రుసుము (అమెరికా)

వర్షపు నీటి కాలువల నిర్వహణ ఖర్చు కోసం అమెరికాలోని అనేక పట్టణాలు ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాల నుంచి విడిగా వసూలు చేసే మొత్తాన్ని వాన నీటి రుసుము అంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ ఇందుకోసం 1974లోనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసుకుంది.

కాలువ కట్టడానికి బాండ్లు, గ్రాంట్లు దొరుకుతాయి. ఏటా పూడిక తీయడానికి, తుప్పు పట్టిన గొట్టం మార్చడానికే డబ్బు పుట్టదు. ఆస్తి పన్ను రాబడి కోసం పోలీసు శాఖతోనూ అగ్నిమాపక దళంతోనూ పోటీ పడి కాలువలు గెలవడం అరుదు. వాన నీరు చాలాచోట్ల శుద్ధి కాకుండానే నదుల్లో కలుస్తుంది. అందుకే 1987లో పరిశుభ్ర జలాల చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం 1990లో పెద్ద నగరాల కాలువ వ్యవస్థలకు, 1999 నిబంధనలతో పట్టణ ప్రాంతాల్లోని చిన్న వ్యవస్థలకు అనుమతి పత్రం తప్పనిసరైంది. నిర్వహణ ఆ అనుమతి షరతుల్లో ఒకటి.

నిర్వహణ ప్రణాళికకు ముందు జాబితా కావాలి: ఏ వీధి కింద ఏ గొట్టం ఉంది, ఎప్పుడు వేశారు, దేనితో చేశారు. పాత పట్టణాల్లో ఇదే పెద్ద పని. గొట్టాల్లోకి కెమెరా పంపి చూస్తారు. కూలిపోయే అవకాశం ఎంత, కూలితే నష్టం ఎంత అన్న రెండు లెక్కలనూ కలిపి వరుస నిర్ణయిస్తారు. ఖాళీ స్థలం కింది గొట్టం కన్నా ఆసుపత్రి దారి కింది గొట్టం ముందుకొస్తుంది. కాలనీల్లో వాన నీరు నిలిపే చెరువులది వేరే తగాదా. బిల్డరు వాటిని నివాసుల సంఘానికి అప్పగించి వెళ్లిపోతాడు. ఏళ్ల తర్వాత పూడికతీత ఖర్చు మీద పడేదాకా ఆ బాధ్యత తమదని చాలామందికి తెలియదు.

రుసుముకు సాధారణంగా ఆధారం నీరు ఇంకని నేల: పైకప్పు, కాంక్రీటు, తారు. ఆ పట్టణంలోని సగటు ఇంటిని ఒక యూనిట్‌గా తీసుకుని, మిగతా ఆస్తులకు ఎన్ని యూనిట్లో లెక్కగడతారు. ఆస్తి పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు, బడులు కూడా చాలాచోట్ల కట్టాల్సిందే. ఫెడరల్ కార్యాలయాలూ కట్టాలని 2011లో చట్టం స్పష్టం చేసింది. ఫిలడెల్ఫియాలో పూర్వం నీటి మీటరు సైజును బట్టి వసూలు చేసేవారు. దాంతో మీటరే లేని పార్కింగు స్థలాలు తప్పించుకునేవి. 2010 నుంచి అక్కడ స్థల విస్తీర్ణాన్ని చూస్తున్నారు. తమ స్థలంలోనే నీటిని ఇంకించే యజమానులకు రాయితీ ఉంటుంది.

ఇది రుసుమా, పన్నా అన్న వాదన కోర్టుల దాకా వెళ్లింది. లాన్సింగ్ నగరం వసూలు చేసినది పన్నేననీ, ఓటర్ల ఆమోదం లేకుండా చెల్లదనీ మిషిగన్ సుప్రీంకోర్టు 1998లో తీర్పిచ్చింది. మేరీలాండ్ 2012లో బాల్టిమోర్ నగరానికి, 9 కౌంటీలకు రుసుమును తప్పనిసరి చేసింది. విమర్శకులు దానికి 'వాన పన్ను' అని పేరు పెట్టారు. ఆ పేరే ఎన్నికల నినాదమైంది. 2015లో మరో చట్టంతో ఆ నిర్బంధాన్ని తొలగించారు. అయితే పనులకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో చూపే ప్రణాళికను ఆ ప్రభుత్వాలు రెండేళ్లకోసారి రాష్ట్ర పర్యావరణ శాఖకు సమర్పించాలని అదే చట్టం షరతు పెట్టింది.