రాతినార, క్షయ, మన పెద్దల దగ్గు

ఇడుపులపాయ అంటే నేటి పిల్లలకు ట్రిపుల్ ఐటీ. మాకు ముందుగా గుర్తొచ్చేది ఆ చుట్టుపక్కల రాయి. ఇడుపులపాయ ఉన్నది వేంపల్లె మండలంలో. కడప జిల్లా సున్నపురాతి పొరల్లో ఒకదానికి భూవిజ్ఞానులు ఆ వేంపల్లె పేరే పెట్టారు. పులివెందుల వైపు కొన్నిచోట్ల ఈ సున్నపురాయిలోకి భూమి లోపలి నుంచి కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చింది. ఆ వేడికి సున్నపురాయి మారిపోయి సన్నని తెల్లని పోగులు ఏర్పడ్డాయి. అదే రాతినార, ఆస్‌బెస్టాస్. నిప్పుకు కాలదు, గోటితో గీరితే దూదిలా విడిపోతుంది. పులివెందుల దగ్గరి బ్రాహ్మణపల్లె గనులు దీనికే పేరుపడ్డాయి.

1930లలో కౌల్సన్ అనే భూవిజ్ఞాని దత్తమండలాల ముగ్గురాయి గురించీ రాతినార గురించీ జియలాజికల్ సర్వే తరఫున వివరంగా రాశాడు. ఆ రాతలు రాయి గురించినవి, రాయి కొట్టిన మనుషుల గురించినవి కావు. అది ఆయన పని కాదు లెండి. కానీ ఆ దుమ్ము మనిషిని ఏం చేస్తుందో అప్పటికే తెలుసు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో రాతినార మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో చనిపోయింది. ఆమెకు 33 ఏళ్లు. ఆమె ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము చేసిన పనిని డాక్టర్ కుక్ వైద్యలోకానికి చూపించాడు. 1927 నాటికి ఆ జబ్బుకు ఆస్‌బెస్టోసిస్ అనే పేరు వచ్చింది. 1931లో బ్రిటన్ తన ఫ్యాక్టరీలలో దుమ్ము అదుపు చేయడానికి నిబంధనలు తెచ్చింది. అప్పుడు మనల్ని ఏలుతున్నదీ వాళ్లే. ఆ నిబంధనలు మాత్రం సముద్రం దాటలేదు.

మన దగ్గర ఊపిరితిత్తుల వైద్యం వేరే దారిన, క్షయ వెంట వచ్చింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం నడిపాడు. పొడి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అప్పటికి మందు అదే. నెలల తరబడి కూలి మానుకొని మంచం మీద పడుకోగల పేదవాడు ఎవడు? 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనా కేంద్రం ఇంకో పెద్ద సంగతి తేల్చింది. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడిన పేద రోగులకూ శానిటోరియంలో చేరినవాళ్లతో సమానంగా జబ్బు నయమైంది. ఈ రోజు మన తండాకు టి.బి. మాత్రలు ఉచితంగా వస్తున్నాయంటే దాని వెనక ఈ పని ఉంది. దీన్ని మేము తక్కువ చేయడం లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ వైద్యానికి చాలాకాలం 'టి.బి. అండ్ చెస్ట్' అన్నదే పేరు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం అనగానే మనసు క్షయ వైపే పోతుంది. రాతినార దుమ్ము తిన్న మనిషికీ అవే లక్షణాలు. కానీ క్షయ క్రిమి వల్ల వస్తుంది, మందులకు పోతుంది. దుమ్ము పోగులు గుచ్చుకున్న చోట ఊపిరితిత్తి గట్టిపడి మచ్చ కడుతుంది. ఆ మచ్చను ఏ మాత్రా కరిగించదు. ఈ రెంటినీ వేరు చేయడానికి ఎక్స్‌రేతో పాటు ఒక ప్రశ్న కావాలి. 1700లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని తోటి వైద్యులకు ఆ ప్రశ్న నేర్పాడు: నువ్వు ఏం పని చేస్తావు?

ఈ ప్రశ్నకు కాలం దాటిపోలేదు. రాతినార జబ్బు పైకి కనిపించడానికి 20, 30, ఒక్కోసారి 40 ఏళ్లు పడుతుంది. కేంద్ర ప్రభుత్వం 1986లో ఈ గనులకు కొత్త లీజులు ఆపింది, ఆ తర్వాత పాతవాటి రెన్యూవల్ కూడా ఆపింది. అంటే అంతకుముందు పడుచు వయసులో గనికి పోయినవాళ్లకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. 1995 జనవరిలో సుప్రీంకోర్టు కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు ఉంచాలని ఆదేశించింది. మస్టరులో పేరే ఎక్కని దినకూలికి ఏ రికార్డు ఉంటుంది? పరిహారం అడగాలన్నా మొదట పనిచేసినట్టు చూపాలి కదా.

గనులు మూతపడ్డా రాతినార మన నెత్తిమీదే ఉంది. బయటి దేశాల నుంచి తెప్పించి సిమెంటు రేకుల్లో కలుపుతూ వచ్చారు. రేకు కప్పుకింద పడుకుంటే వెంటనే ముప్పు లేదు, దాన్ని పొడిగా కోసినా, పగలగొట్టినా, బెజ్జం వేసినా పోగులు గాలిలోకి లేస్తాయి. విప్పక తప్పకపోతే నీళ్లు చల్లి, పగలకుండా దించండి. పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

సుగాలి, ఎరుకల, యానాది ఇళ్లలోని చదువుకున్న పిల్లలను మేము అడిగేది ఒకటుంది. మీ తాత, జేజి ఏయే ఊళ్లలో, ఏ పనికి, ఎన్నేళ్లు పోయారో కూర్చోబెట్టి అడగండి. రాతినార గనా, ముగ్గురాయి గనా, క్రషరా, ఇటుకల బట్టీయా? తోటి కూలీల పేర్లతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టండి. టీచర్లు దీన్ని సోషల్ పాఠంలో పనిగా ఇవ్వొచ్చు. ఇంట్లో ఎవరికైనా దగ్గు రెండు వారాలు దాటితే ముందు తెమడ పరీక్ష చేయించండి, సర్కారు ఆసుపత్రిలో డబ్బు అడగరు. క్షయ అని తేలితే మందులు మధ్యలో మానకుండా చూడండి. క్షయ కాదని తేలితే, ఎక్స్‌రేతో పాటు ఆ కాగితం కూడా డాక్టరు ముందు పెట్టి, ఓపీ చీటీ మీద ఆ పని పేరు రాయమని అడగండి.