పెన్లీ లైఫ్‌బోట్ కేంద్రం: ఒక ఊరు, ఎనిమిది మంది, ఒక రాత్రి

ఇంగ్లండ్‌కు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ తీరంలో మౌజల్ అనే చిన్న మత్స్యకార గ్రామం ఉంది. ఇంగ్లిష్‌లో ఈ పేరును 'ఎలుక కన్నం' అనే అర్థం వచ్చేలా రాస్తారు, పలకడం మాత్రం మౌజల్ అనే పలుకుతారు. ఏటా డిసెంబర్ 19న రాత్రి 8 గంటలకు ఈ ఊరి రేవులో క్రిస్మస్ దీపాలను గంటసేపు ఆర్పేస్తారు. 1981లో ఇదే రోజు రాత్రి, ఊరి పక్కనున్న పెన్లీ లైఫ్‌బోట్ కేంద్రం నుంచి సముద్రంలోకి వెళ్లిన ఎనిమిది మంది స్వచ్ఛంద సిబ్బంది తిరిగి రాలేదు.

సముద్రంలో ఆపద అనగానే మనకు కోస్ట్ గార్డ్, నేవీ గుర్తొస్తాయి. బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ ప్రభుత్వ కోస్ట్‌గార్డ్ సమాచారం అందుకుని సమన్వయం చేస్తుంది. పడవ వేసుకుని వెళ్లేది ఎక్కువగా రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ (ఆర్‌ఎన్‌ఎల్‌ఐ) అనే స్వచ్ఛంద సంస్థ. సర్ విలియం హిల్లరీ చొరవతో 1824 మార్చి 4న ఇది మొదలైంది. 1854 నుంచి 1869 వరకు ప్రభుత్వ సాయం తీసుకున్నా, తర్వాత వద్దనుకుంది. విరాళాలు, వీలునామాల ద్వారా వచ్చే సొమ్ముతోనే ఇది ప్రధానంగా నడుస్తోంది. బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో 230కి పైగా కేంద్రాలున్నాయి. సిబ్బందిలో అత్యధికులు జీతం లేనివారే. పిలుపు రాగానే చేతిలో పని వదిలేసి పరుగెత్తాలి. రెండు వందల ఏళ్లలో ఈ సంస్థ 1,46,000 మందికి పైగా ప్రాణాలు కాపాడింది.

పెన్లీ కేంద్రం మూలాలు పక్కనున్న పెన్జాన్స్ పట్టణంలో ఉన్నాయి. 1803లో అక్కడివారు ఒక లైఫ్‌బోట్ కొన్నారు. కార్న్‌వాల్‌లో అదే మొదటిది. అయితే ఒక్కసారి కూడా వాడకుండానే 1812లో దాన్ని అమ్మేశారు. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ఆర్‌ఎన్‌ఎల్‌ఐ పడవలు పెన్జాన్స్ నుంచే పనిచేశాయి. 1908లో కేంద్రం న్యూలిన్ రేవుకు, 1913లో మౌజల్ దగ్గరి పెన్లీ పాయింట్‌కు మారింది. అక్కడ రాతిగుట్ట అంచున షెడ్డు కట్టి, నీళ్లలోకి ఏటవాలుగా స్లిప్‌వే దింపారు. దాంతో సముద్రం పోటు మీదున్నా పాటు మీదున్నా పడవను దించే వీలు కలిగింది.

1947 ఏప్రిల్‌లో తుక్కు కింద విడగొట్టడానికి లాక్కెళ్తున్న బ్రిటిష్ యుద్ధనౌక వార్‌స్పైట్ తుఫానులో తాళ్లు తెంచుకుని సమీపంలోని రాళ్లకు తగులుకుంది. అందులోని ఎనిమిది మందిని పెన్లీ సిబ్బంది కాపాడారు. పడవ నాయకుడు ఎడ్విన్ మ్యాడ్రన్‌కు వెండి పతకం దక్కింది. పడవ నాయకుణ్ణి అక్కడ 'కాక్సన్' అంటారు.

1981 నాటి సరుకు ఓడ పేరు యూనియన్ స్టార్. అది దానికి తొలి ప్రయాణం. నెదర్లాండ్స్ నుంచి ఎరువుల లోడుతో ఐర్లండ్ వెళ్తోంది. ఓడలో ఐదుగురు సిబ్బందితో పాటు కెప్టెన్ భార్య, ఆమె ఇద్దరు కూతుళ్లు కూడా ఉన్నారు. ఇంధనంలోకి సముద్రపు నీరు చేరి ఇంజిన్లు ఆగిపోయాయి. దగ్గరలో ఉన్న డచ్ టగ్ బోటు సాయం చేస్తామంది. ఆ సాయానికి చెల్లించాల్సిన సొమ్ము మాట ఉండటంతో కెప్టెన్ మొదట కాదన్నాడు, యజమానులతో మాట్లాడాక ఒప్పుకున్నాడు. ఈలోగా ఓడ తీరం వైపు కొట్టుకుపోతూనే ఉంది. గాలి పెనుతుఫాను స్థాయికి చేరింది. అలలు 60 అడుగుల ఎత్తున లేచాయి. నేవీ హెలికాప్టర్ వచ్చినా, ఓడ స్తంభం అటూ ఇటూ విసురుగా ఊగుతుండటంతో ఎవరినీ పైకి లాగలేకపోయింది.

కాక్సన్ ట్రెవెలియన్ రిచర్డ్స్ పిలుపునకు పన్నెండు మంది వచ్చారు. ఆయన ఏడుగురిని ఎంచుకున్నాడు. ఒక కుటుంబం నుంచి ఒక్కరికి మించి వద్దన్నాడు. అసిస్టెంట్ మెకానిక్ నైజెల్ బ్రాక్‌మన్ పడవ ఎక్కాడు. ఆయన కొడుకు, 17 ఏళ్ల నీల్‌ను ఒడ్డునే ఉండమన్నారు. ఈ కేంద్రం చరిత్రలో అన్నిటికంటే బరువైన నిర్ణయం ఇదేనని నాకనిపిస్తుంది. ఒకే వీధివాళ్లు, తండ్రీకొడుకులు, అన్నదమ్ములు కలిసి పనిచేయడమే ఊరి లైఫ్‌బోట్‌కు బలం. ప్రమాదం జరిగితే ఊరికి తగిలే దెబ్బ కూడా అందుకే అంత పెద్దది. రిచర్డ్స్‌కు ఆ లెక్క తెలుసు.

రాత్రి 8.12కు సాల్మన్ బ్రౌన్ అనే చెక్క పడవ నీళ్లలోకి దిగింది. పొడవు 47 అడుగులు. ఎన్నోసార్లు ప్రయత్నించి ఓడ పక్కకు చేరింది. నలుగురిని దించుకున్నామని రేడియోలో చెప్పారు. 9.21కి మాట మధ్యలో ఆగిపోయింది. సెన్నెన్ కోవ్ కేంద్రం నుంచి బయలుదేరిన మరో లైఫ్‌బోట్ భూశిరం దాటి రాలేకపోయింది. రెండు పడవల్లో ఉన్న 16 మందీ చనిపోయారు. కొందరి మృతదేహాలు దొరకనే లేదు. తాను చూసిన సాహసాల్లో అదే గొప్పదని హెలికాప్టర్ నడిపిన అమెరికా నేవీ పైలట్ తర్వాత లేఖ రాశాడు. రిచర్డ్స్‌కు మరణానంతరం బంగారు పతకం, మిగతా ఏడుగురికి కాంస్య పతకాలు ఇచ్చారు.

ఆ తర్వాత డబ్బు గొడవ వచ్చింది. బాధిత కుటుంబాల కోసం ప్రజలు 30 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చారు. దానిపై పన్ను వేయాలని ప్రభుత్వం అనుకోవడంతో దేశమంతా భగ్గుమంది. అసలు చిక్కు చట్టంలో ఉంది. ధార్మిక నిధి అయితే పన్ను మినహాయింపు దక్కుతుంది. కానీ కుటుంబాలకు అవసరం మేరకే సాయం చేయాలి తప్ప మొత్తం పంచకూడదు. చివరికి దాన్ని ప్రైవేటు నిధిగానే పరిగణించి ఎనిమిది కుటుంబాలకే అందజేశారు. మన దగ్గర కూడా ప్రమాదం జరిగిన ప్రతిసారీ విరాళాలు వెల్లువెత్తుతాయి కదా. అవి ఎవరివి, ఎలా పంచాలి అనే ప్రశ్న పెన్లీ తర్వాత బ్రిటన్‌లో న్యాయవాదులు తప్పించుకోలేనిదైంది.

కేంద్రం మూతపడలేదు. ఒక్క రోజులోనే కొత్త సిబ్బందికి సరిపడా మంది ముందుకొచ్చారు. మృతుల్లో ఒకరు ఊళ్లో షిప్ ఇన్ అనే పబ్ నడిపేవాడు. ఆ ఏడాది క్రిస్మస్ దీపాలు వెలిగించింది ఆయనే. ప్రమాదం తర్వాత ఆర్పేసిన దీపాలను, ఆయన భార్య కోరడంతో మళ్లీ వెలిగించారు. 1983లో పెద్ద పడవ రావడంతో కేంద్రం తిరిగి న్యూలిన్‌కు మారింది. పేరు మాత్రం పెన్లీగానే ఉంచారు. 2003 నుంచి ఐవన్ ఎలెన్ అనే పడవ అక్కడ పనిచేస్తోంది. ఆ రాత్రి ఒడ్డున ఆగిపోయిన నీల్ బ్రాక్‌మన్ తర్వాతి కాలంలో అదే కేంద్రానికి కాక్సన్ అయ్యాడు. పాత షెడ్డు, స్లిప్‌వే పెన్లీ పాయింట్‌లో అలాగే ఉన్నాయి. పక్కన ఒక చిన్న స్మారక తోట వేశారు.