పదోన్నతికి పనికొచ్చే పోలీసు ఎవరు?

శిస్తు వసూలు, నేర విచారణ రెండూ ఒకే రెవెన్యూ సిబ్బంది చేతిలో ఉండడం వల్ల రైతులు పడుతున్న చిత్రహింసలను 1855 నాటి విచారణ సంఘం బయటపెట్టిన తర్వాత, మద్రాసు రాజధానిలో 1859 నాటి 24వ చట్టం ప్రత్యేక పోలీసు శాఖకు రూపమిచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా దాని పరిధిలోకే వచ్చాయి. జిల్లా సూపరింటెండెంటు ఐరోపా వాడు కాగా, అతని కింద పనిచేసే ఇన్‌స్పెక్టర్లు, హెడ్ కానిస్టేబుళ్లు ప్రధానంగా భారతీయులు. అందువల్ల ఊళ్ల ఆనుపానులు ఎరిగినవాడి యోగ్యతను, వాటిని కాగితాల మీద మాత్రమే చూసిన పై అధికారి తేల్చవలసి వచ్చేది.

ఆ కాగితాల్లో ముందుగా కంటబడేవి అంకెలు. నమోదైన నేరాల్లో ఎన్నింటికి శిక్ష పడిందన్న నిష్పత్తి, అంటే శిక్షల శాతం, అధికారి సామర్థ్యానికి గుర్తుగా చెలామణి అయ్యేది. పది దొంగతనాలు జరిగి నాలుగింటిలో శిక్ష పడితే అది 40 శాతం. దొంగ దొరకని అయిదు ఫిర్యాదులకు అసలు కేసే కట్టకపోతే, అదే పని 80 శాతమై కూర్చుంటుంది. నిజాయితీగా ప్రతి ఫిర్యాదూ రాసుకున్నవాడు వెనకబడి, బాధితుణ్ణి గుమ్మంలోంచే తిప్పి పంపినవాడు ముందుకు పోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువుగా వాడరాదని 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షను చెప్పడాన్ని బట్టి, తన పోలీసులపై ప్రభుత్వానికే ఎంత అపనమ్మకం ఉండేదో తెలుస్తుంది.

ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన 1902లో ఏర్పడిన పోలీసు కమిషన్, శాఖలో అవినీతి, దౌర్జన్యం, పర్యవేక్షణ లోపం ఉన్నాయని నిర్మొహమాటంగా తేల్చి, అంకెలనే కొలబద్దగా వాడడాన్ని తప్పుపట్టింది. స్టేషన్ల బాధ్యతను చదువుకున్న సబ్ ఇన్‌స్పెక్టర్లకు అప్పగించాలని, భారతీయుల కోసం డిప్యూటీ సూపరింటెండెంటు పదవి కల్పించాలని సిఫారసు చేసింది. అయితే ఎంత సమర్థుడైన ఇన్‌స్పెక్టరుకైనా ఆ పై మెట్టు దుర్లభంగానే మిగిలింది. 1893 నుంచి లండన్‌లో జరిగిన పోటీ పరీక్షలో నెగ్గిన ఆంగ్ల యువకుడు, ఆ జిల్లా భాష ఇంకా నేర్చుకుంటూనే, అతనికి పై అధికారిగా వచ్చేవాడు. 1924లో లీ కమిషన్ ఉన్నత పోలీసు సర్వీసులో ప్రతి 100 నియామకాల్లో 50 ఐరోపా వారికి, 30 నేరుగా ఎంపికయ్యే భారతీయులకు కేటాయించి, రాష్ట్ర సర్వీసులో కిందినుంచి ఎదిగి వచ్చినవారి పదోన్నతికి 20 మాత్రమే ఉంచింది.