పిల్లల సభకు విప్‌ల చలవ

ఆగస్టు పదిహేను దగ్గర పడితే మన రాచర్ల, గిద్దలూరు వైపు సర్కారు బళ్లలో వక్తృత్వ పోటీ తప్పదు. పద్ధతి అందరికీ తెలిసిందే. తెలుగు మాస్టారు రెండు పేజీలు రాసిస్తారు, గొంతున్న పిల్ల బట్టీ కొడుతుంది, వేదికెక్కి ఎక్కడా తడబడకుండా అప్పజెబుతుంది. చప్పట్లు, ఓ స్టీలు డబ్బా. ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక్క ముక్కకైనా ‘అదెలాగమ్మా?’ అని ఎదురడిగేవాళ్లు ఉండరు.

ఈ ఎదురడగడం మన దేశపు బళ్లలోకి వచ్చిన తీరు తెలిస్తే కాస్త నవ్వొస్తుంది. దాన్ని కోరింది పంతుళ్లు కాదు, పార్టీల విప్‌లు. సభలో తమ సభ్యులు ఎటు ఓటెయ్యాలో, ఎప్పుడు గమ్మునుండాలో చూసుకోవడమే విప్‌ల ఉద్యోగం. అలాంటివాళ్లు 1962లో బొంబాయిలో నాలుగో అఖిల భారత సమావేశం పెట్టుకుని, విద్యాసంస్థల్లో నమూనా పార్లమెంటులు నడిపించాలని సిఫారసు చేశారు. పెద్దవాళ్లతో ఎటూ కాదనుకున్నారో ఏమో!

పార్లమెంటరీ వ్యవహారాల శాఖ దాన్ని 1966-67లో ఢిల్లీ బళ్లలో ‘యువ పార్లమెంటు’ పేరుతో మొదలుపెట్టింది. తర్వాత కేంద్రీయ విద్యాలయాలకు, 1997-98 నుంచి నవోదయలకు వచ్చింది. అంటే మార్కాపురం దగ్గర కలుజువ్వలపాడు నవోదయ పిల్లలకు ఆ దారి ఉంది. జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లల సంగతి మాత్రం చాలాకాలం రాష్ట్రం పూనుకోవడాన్ని బట్టే ఉండేది. గుర్తింపు ఉన్న అన్ని విద్యాసంస్థలకూ తలుపు తెరుస్తూ కేంద్రం పోర్టల్ పెట్టింది 2019 నవంబరు 26న.

ఇందులో అసలు కిటుకు ప్రశ్నోత్తరాల సమయంలో ఉంది. సభ మొత్తం గంటలోపే. మంత్రి వేషం కట్టిన పిల్ల ముందే రాసుకున్న జవాబు చదవొచ్చు. కానీ దాని మీద అనుబంధ ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నలకూ, జవాబుల పసకూ పోటీలో విడిగా మార్కులుంటాయి. రాచర్లలో అలాంటి సభ పెట్టారనుకోండి. నీటిపారుదల మంత్రి లేచి, ‘వెలిగొండ ప్రాజెక్టు పనులు వేగంగా సాగుతున్నాయి అధ్యక్షా’ అంటుంది. వెనక బెంచీ నుంచి ఒకడు లేస్తాడు: ‘శంకుస్థాపన 1996లో జరిగింది అధ్యక్షా. అప్పటికి మా నాయన బడికి పోతున్నాడు. నీళ్లు ఏ సంవత్సరం ఇస్తారో మంత్రిగారు చెప్పాలి. ముందు తాగడానికా, సేద్యానికా?’ ఇక్కడ బట్టీ పనిచేయదు. సొరంగాల లెక్క, ఫ్లోరైడ్ నీళ్ల గొడవ, ఊళ్లొదిలి వలసపోయినవాళ్ల సంగతి తెలిసుండాలి. పార్టీలనూ నాయకులనూ విమర్శించకూడదని నియమం ఉంది. నాకది మంచిదే అనిపిస్తుంది. తిట్టడానికి వీల్లేనప్పుడు వివరం వెతుక్కోక తప్పదు.

అమెరికాలో ఇదే పని ఇంకో దారిలో నడిచింది. అక్కడ డిబేట్ చాలాకాలం డబ్బున్న బళ్ల ఆట. 1985లో అట్లాంటాలో ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు నగరంలోని ప్రభుత్వ బళ్లతో చేతులు కలిపి పేద పిల్లలకు డిబేట్ లీగ్ నడిపారు. టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పోటీలు ఊళ్లోనే పెట్టారు. 1997 నుంచి సొరోస్ ఫౌండేషన్ డబ్బు తోడై అలాంటి లీగులు వేరే నగరాలకూ పాకాయి. ఆసరా అంటే అది: ఏడాది పొడవునా పిల్లల వెంట ఉండే టీచరు, దారి ఖర్చు, ఎదుటి జట్టు.

మన దగ్గర 2025 నవంబరు 26న అమరావతిలో విద్యార్థుల అసెంబ్లీ జరిగింది. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది పిల్లలు. ముఖ్యమంత్రి చంద్రబాబు, విద్యామంత్రి లోకేశ్ కూర్చుని చూశారు. గొప్ప సంగతే, కాదనను. కానీ గిద్దలూరు నియోజకవర్గంలో ఆరు మండలాలున్నాయి: గిద్దలూరు, రాచర్ల, కొమరోలు, బేస్తవారిపేట, కంభం, అర్ధవీడు. ఆరింటికీ కలిపి ఒక్క కుర్చీ. ఆ ఒక్కరిని ఎంచడానికి ముందు మిగతావాళ్లంతా ఎక్కడ వాదించినట్టు?

మండలానికో సభ చాలు. శనివారాలు ఇప్పుడు పుస్తకాల సంచి లేని రోజులే కాబట్టి టైము దొరుకుతుంది. సాంఘికశాస్త్రం టీచరుకు ఆ గంట పనిగా లెక్కకట్టాలి, మామూలు పీరియడ్ల మీద అదనపు బరువుగా కాదు. సాయంత్రం చివరి బస్సు పోకముందే సభ ముగియాలి. లేకపోతే జె.పి. చెరువు వైపు ఆడపిల్లలను రెండోసారి ఇంట్లోవాళ్లు పంపరు. ఇక తీర్పరులంటారా, గిద్దలూరు కోర్టులో వకీళ్లకు కొదవ లేదు. వాదన వినడానికి ఫీజు అడగరనే అనుకుంటున్నాను.