పొట్టు పొయ్యి నుంచి పెల్లెట్ గ్రిల్ దాకా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో దాదాపు ప్రతి ఇంటికీ గ్యాస్ వచ్చింది. అయినా దొడ్లో కట్టెల పొయ్యి చల్లారలేదు. సంగటికి, నీళ్లు కాచుకోవడానికి, పండగనాడు పొట్టేలు కూరకు ఇప్పటికీ అదే దిక్కు. అమెరికాలో ఇంటి వెనక మాంసం కాల్చుకునేవాళ్ల కోసం పుట్టిన, పొట్టును ఒత్తి చేసిన గుళికలతో (పెల్లెట్లతో) మండే పెల్లెట్ గ్రిల్లు ఈమధ్య చవక రకాల్లోనూ దొరుకుతున్నాయి. ఆ పొయ్యి మన దొడ్లోకి వస్తుందా? దాని ధర ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. ఇంతకుముందు వచ్చిన పొయ్యిల్లో ఏది నిలిచింది, ఏది మూలపడింది, ఎందుకు అన్నది చూడాలి.

ఈ సీమ వంటచెరకు చరిత్రలో పెద్ద మలుపు 1877లో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ అంతకు ముందటేడు ఒక మెట్ట చెట్టు విత్తనాలు కావాలని సర్కారుకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. అదే మనం తిట్టుకుంటూనే కొట్టి కాల్చుకునే సర్కారు తుమ్మ. వంకలు, చెరువు కట్టలు, బీళ్లు అన్నీ అది ఆక్రమించింది. రైతుకు శనిలా దాపురించినా పొయ్యికి మాత్రం కొదవ లేకుండా చేసింది. కొట్టే కష్టం, గుచ్చుకునే ముల్లు తప్ప దానికి పెట్టుబడి లేదు. దానికి తోడు ఇంటి చేలోంచి కంది కట్టె, పత్తి కట్టె వస్తాయి. తర్వాత వచ్చిన ప్రతి కొత్త పొయ్యీ ఈ ఊరక దొరికే కట్టెతోనే పోటీ పడాల్సి వచ్చింది.

పొగ బాధను జనం గుర్తించలేదని కాదు. సీమ మట్టి మిద్దెల్లో పొయ్యి పైన గవాక్షి పెట్టుకున్నది వెలుతురుకే కాదు, పొగ పోవడానికి కూడా. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి.రాజు ఈ సంగతి మీద పనిచేసి, గొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించారు. కోట్లాది ఇళ్లకు పొగ లేని వంటిల్లు ఎలా అన్న విషయం మీద ఆయన పుస్తకం 1953లో వచ్చింది. 1983లో కేంద్రం జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ఆపేసేలోగా దేశమంతా సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు పెట్టించింది. వాటిలో చాలావరకు నిలవలేదు. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవాళ్లు లేరు, మట్టి పగిలితే మళ్లీ మెత్తేవాళ్లు లేరు. పెట్టించిన లెక్క కాగితంలో మిగిలింది, వంట మళ్లీ మూడు రాళ్ల మీదికే వచ్చింది.

ఏ పథకమూ లేకుండా నిలిచింది పొట్టు పొయ్యి. అడుగున పక్కకు రంధ్రం ఉన్న రేకు డబ్బా ఒకటి కావాలి. నడిమధ్యన ఒక సీసా నిలబెట్టి, కింది రంధ్రంలోంచి ఒక కర్రను దాని మొదలు తగిలేదాకా దూర్చి, చుట్టూ రంపపు పొట్టునో వేరుశనగ పొట్టునో గట్టిగా దట్టిస్తారు. సీసాను తిప్పుతూ పైకి లాగి, కర్రను పక్కకు తీస్తే గాలికి దారి ఏర్పడుతుంది. కింద అంటిస్తే మంట ఆ గొట్టంలో నిలబడి, ఊదే పని లేకుండా రెండు మూడు గంటలు కాలుతుంది. దట్టించడంలోనే పనితనం ఉంది. వదులైతే పొట్టు మధ్యలో కూలి మంట ఆరిపోతుంది, తడిస్తే ఇల్లంతా పొగే. టీ అంగళ్లు, హాస్టళ్లు దీన్ని బాగా వాడుకున్నాయి. కోత మిల్లు, నూనె మిల్లు ఉన్న ఊళ్లో పొట్టుకు కరువుండేది కాదు. పెల్లెట్ పొయ్యి సూత్రం చాలావరకు ఇందులోనే ఉంది.

వంటింట్లో అసలు మార్పు తెచ్చింది మాత్రం గ్యాస్. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్జ్వల, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 వచ్చాయి. స్టవ్ గొప్పదని చెప్పి ఒప్పించడం కంటే కనెక్షను ఖర్చు, సిలిండరు ఖర్చు సర్కారు భరించడమే ఎక్కువ పనిచేసింది. అయినా పదిమందికి సంగటి కెలకాలంటే సిలిండరు ఎన్నాళ్లు వస్తుందన్న లెక్క మనసులో మెదులుతుంది. ఆ లెక్కే ఆడవాళ్లను మళ్లీ దొడ్డి పొయ్యి దగ్గరికి పంపుతోంది.

పెల్లెట్ పొయ్యిని మన దేశంలో పెద్ద ఎత్తున అమ్మి చూసింది బీపీ కంపెనీ. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థతో కలిసి 2006లో ఊర్జా పొయ్యిని తెచ్చింది. వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి వంటి పంట వ్యర్థాలను ఒత్తి చేసిన పెల్లెట్లు, అడుగున బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, ఇంతే దాని సరంజామా. పొగ బాగా తగ్గింది. సుమారు 4 లక్షల పొయ్యిలు అమ్ముడుపోయాయి. 2009లో బీపీ తప్పుకున్నాక పుణెకు చెందిన ఫస్ట్ ఎనర్జీ దాన్ని నడిపింది. పొట్టు ధర పెరిగి, దాంతో పెల్లెట్ ధర పెరిగేసరికి ఇళ్లలో వాడకం పడిపోయింది. కంపెనీ హోటళ్లు, పెద్ద వంటశాలల వైపు మళ్లింది. చవక పొయ్యి కొన్నవాళ్లు కూడా దానికి రోజూ మేత కొనలేకపోయారు.

అమెరికాలో కథ వేరే దారిన నడిచింది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి అక్కడ చెక్క పెల్లెట్లు వాడుకలోకి వచ్చాయి. ఆరిగన్ రాష్ట్రం మౌంట్ ఏంజెల్‌లో జో ట్రేగర్ 1980ల మధ్యలో వాటితో నడిచే గ్రిల్ చేసి, 1986లో పేటెంటు పొందాడు. 2006లో పేటెంటు గడువు తీరగానే పోటీ కంపెనీలు దిగాయి, ధరలు దిగాయి. ఇప్పుడు 500 డాలర్లలోపు రకాలున్నాయి. తొట్టిలోని పెల్లెట్లను మరచుట్టు నెమ్మదిగా మంటలోకి తోస్తుంది, ఫ్యాను గాలి ఇస్తుంది, వేడి ఎంత ఉండాలో మీట చూసుకుంటుంది. గంటకు అర కిలో నుంచి కిలో దాకా పెల్లెట్లు కాలుతాయి. కరెంటు లేనిదే కదలదు. అక్కడ పెల్లెట్ సంచీ సూపర్ మార్కెట్లో దొరుకుతుంది, వంట వారాంతపు సరదా. డల్లాస్‌లో మన వాళ్లు వెనక పెరట్లో కోడి కాళ్లు కాల్చుకోవడానికి అది సరిగ్గా సరిపోతుంది.

మన దొడ్లో దాని పరీక్ష సంగటి దగ్గర మొదలవుతుంది. ఎసట్లో బియ్యం ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంత చేసి, మంట తగ్గించి నిప్పుల మీద మగ్గనిస్తారు. తర్వాత గిన్నెను కాళ్లతోనో గుడ్డతోనో అదిమిపట్టి, ఉండ కట్టకుండా బలమంతా పెట్టి కెలుకుతారు. ముందు పెద్ద మంట, వెనక సన్నటి సెగ, ఆ తోపుకు కదలని పొయ్యి ఉండాలి. ఎత్తు కాళ్ల మీద నిలబడే పలచటి రేకు గ్రిల్ ఇందుకు పనికిరాదు. అదే ప్రొద్దుటూరు చీకుల బండి సంగతి వేరు. అక్కడ బొగ్గు రోజూ కొనాల్సిందే, ఒక చేత విసనకర్ర, ఒక చేత ఊచలు. కొలిచినట్టు వచ్చే సెగ ఆ బండివాడికి లాభమే. దోసెల బండికీ, దాబాకూ అంతే. ఇంధనానికి ముందే డబ్బు పెడుతున్నవాళ్లే మొదటి గిరాకీ. ఫస్ట్ ఎనర్జీ అనుభవమూ అదే చెప్పింది.

ముడిసరుకు మన దగ్గర లేక కాదు. జమ్మలమడుగు నల్లరేగళ్లలో పత్తి కట్టె, మెట్ట చేలల్లో వేరుశనగ పొట్టు, ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. పొట్టు బండి నిండా ఎత్తినా తూకం రాదు. ఒత్తి పెల్లెట్ చేస్తే ఘనపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది, అప్పుడే రవాణా గిట్టుబాటవుతుంది. కానీ పోటీ ఇంటి పొయ్యిల మధ్య లేదు. థర్మల్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం మేర పెల్లెట్లు కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం తెచ్చింది. ఎర్రగుంట్ల పక్కనే రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. టన్నుల్లో కొనే బేరగాడు గడప దగ్గరే ఉంటే, సంచుల్లో కొనే ఇల్లాలి కోసం మిల్లువాడు ధర తగ్గించడు.

అందుకే గ్రిల్ రేటు సగానికి పడినా పల్లె దొడ్డి దానికి లొంగదు. అది ముందు బండ్ల మీద, దాబాల్లో, పట్నం మిద్దెల మీద నిలదొక్కుకుంటుంది. ఇల్లాలు దాన్ని ఒప్పుకోవాలంటే రెండు కావాలి: రైతు తన పొట్టు ఇచ్చి కూలి కట్టి పెల్లెట్ ఒత్తించుకునే మర ఊళ్లోనే ఉండాలి, పెల్లెట్ లేనినాడు కంది కట్టె పెట్టినా మండే పొయ్యి రావాలి. పిండిమరకు జొన్నలు పంపినట్టు మరకు పొట్టు పంపే ఏర్పాటు జరిగితే, కొన్న ఇంధనం అన్న మాటే ఉండదు. ఎస్.పి.రాజు నుంచి ఊర్జా దాకా అందరూ పొయ్యిని బాగుచేశారు. బాగుచేయాల్సింది ఆ పొయ్యికి మేత వచ్చే దారిని.