తెల్లవారుజాము కల



మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఫోన్ కాల్‌తో ఈ వారం మొదలు పెడతాను. ఇక్కడ మనకి రాత్రి పది గంటలు. అక్కడ ఊళ్ళో తెల్లవారింది. అమ్మ ఫోన్ చేస్తుంది. "రాత్రి నువ్వు కల్లోకొచ్చావురా. వీధి అరుగు మీద కూర్చుని ఆకలేస్తోందన్నావు. ఒంట్లో బాగానే ఉందా?" బాగానే ఉన్నానంటాం. ఆవిడకి నమ్మకం కుదరదు. "మామూలు కలైతే నేనూ పట్టించుకోను. తెల్లవారుజామున వచ్చింది, అదీ నా భయం" అంటుంది.

తెల్లవారుజాము కల నిజమవుతుందని మన నమ్మకం. ఇది ఒట్టి మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు, కల గురించి మనిషి ఏమేం తెలుసుకున్నాడో, ఎలా తెలుసుకున్నాడో చెప్పుకుందాం. ఆ కథలో పెద్ద మలుపు మనం ఉంటున్న ఈ అమెరికాలోనే, చికాగోలో, ఒక తండ్రి తన కొడుకు నిద్రపోతుంటే పక్క గదిలో మేలుకుని కూర్చున్న రాత్రి వచ్చింది. ఆ కథ మన ఇళ్ళలోని పెద్దవాళ్ళ ఆరోగ్యం దాకా వచ్చి ఆగుతుంది. కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు మన వాళ్ళ సంగతి. మాండూక్యోపనిషత్తు మనిషి స్థితులను జాగ్రత్, స్వప్నం, సుషుప్తి, తురీయం అని నాలుగుగా చెప్పింది. ఇందులో గమనించవలసింది ఒకటుంది. కల వచ్చే నిద్ర వేరు, కల లేని గాఢ నిద్ర వేరు అని ఎప్పుడో విడదీసి పెట్టారు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడితో మాట్లాడుతూ, కలలో కనిపించే రథాలూ, గుర్రాలూ, దారులూ అక్కడ ఉన్నవి కావనీ, కల కనేవాడే వాటిని సృష్టించుకుంటాడనీ వివరిస్తాడు. చరక సంహిత వైద్యుడి దృష్టితో కలలను ఏడు రకాలు చేసింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలితం ఏమీ ఉండదని కూడా చెప్పింది. అంటే మన కలల్లో ఎక్కువ భాగం పగలు మనం చూసి, విని, కోరుకున్న సరుకేనని ఆ వైద్యులు గమనించారన్నమాట.

ఇక తెలుగు సాహిత్యానికీ కలకీ ఉన్న చుట్టరికం తెలిసిందే. 13వ శతాబ్దంలో తిక్కన భారతం మొదలుపెడుతూ, తండ్రి కొమ్మన తన కలలోకి వచ్చాడనీ, ఆ కలలోనే హరిహరనాథుడు దర్శనమిచ్చాడనీ రాసుకున్నాడు. 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆగినప్పుడు, ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద అవతారికలో ఉంది. తెలుగే ఎందుకో కూడా ఆ దేవుడు చెప్పాడు. ఆ మాట ఇక్కడ మన సంఘాల వేదికల మీద ఏటా వినిపిస్తూనే ఉంటుంది, నేను మళ్ళీ చెప్పక్కర్లేదు.

పడమటి దేశాల్లోనూ ఇంతే. అరిస్టాటిల్ కలలు దేవుళ్ళు పంపేవి కావని వాదించాడు. 1899 నవంబరులో వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ కలల మీద తన పెద్ద పుస్తకం వేశాడు. పుస్తకం మీద మాత్రం 1900 అని అచ్చు వేయించారు. కల అనేది అణిచిపెట్టిన కోరిక మారువేషం వేసుకుని రావడమని ఆయన సిద్ధాంతం.

ఇన్ని వేల ఏళ్ళ కథలో ఒక లోపం ఉంది. ఋషి అయినా, రాజు అయినా, ఫ్రాయిడ్ అయినా, అందరికీ ఆధారం ఒక్కటే. కల గన్నవాడు లేచాక చెప్పిన మాట. అందులో మరిచిపోయింది ఎంతో, కలిపి చెప్పింది ఎంతో ఎవరికి తెలుసు? కల జరుగుతున్నప్పుడు పక్కన మేలుకుని కూర్చుని చూసినవాళ్ళు లేరు. చూడ్డానికి ఏముంటుంది, మనిషి నిద్రపోతున్నాడు కదా అనుకున్నారు.

ఇప్పుడు చికాగో వెళ్దాం. అక్కడి విశ్వవిద్యాలయంలో నథానియల్ క్లైట్‌మన్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. నిద్ర అంటే పిచ్చి. 1938లో ఒక విద్యార్థిని వెంటబెట్టుకుని కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ అనే గుహలో 32 రోజులు ఉన్నాడు. పగలూ రాత్రీ తెలియని చోట మనిషి శరీరాన్ని 28 గంటల రోజుకి అలవాటు చేయవచ్చా అని ఆ ప్రయోగం. ఆయన దగ్గరికి యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ వయసు, పెళ్ళాం పిల్లలు, చేతిలో డబ్బు లేదు. అంతకు ముందు రకరకాల చదువులు మొదలుపెట్టాడు కానీ డిగ్రీ ఒక్కటీ చేతికి రాలేదు. ప్రొఫెసరు ఇతనికి నిద్రపోతున్న పసిపిల్లల కళ్ళను గమనించే పని అప్పగించాడు.

అసెరిన్‌స్కీ ఆ పని చేస్తూ, రాత్రంతా కళ్ళ కదలికను యంత్రంతో నమోదు చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. పనికిరాదని పక్కన పడేసిన పాత యంత్రం ఒకటి దొరికింది. తీగలు తగిలిస్తే పొడుగాటి కాగితం మీద కలాలు గీతలు గీస్తాయి. ఒక్క రాత్రికి అర మైలు కాగితం అయ్యేది. 1951 డిసెంబరులో, తన ఎనిమిదేళ్ళ కొడుకు ఆర్మండ్‌ని లాబ్‌లో పడుకోబెట్టి, కళ్ళ పక్కన తీగలు అంటించి, పక్క గదిలో కూర్చున్నాడు. చాలాసేపు గీతలు నెమ్మదిగా సాగాయి. తర్వాత ఉన్నట్టుండి కలాలు అటూ ఇటూ ఊగిపోయాయి. పిల్లవాడు లేచి చుట్టూ చూస్తున్నాడు కాబోలు అనుకుని గదిలోకి వెళ్ళాడు. పిల్లవాడు గాఢంగా నిద్రపోతున్నాడు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు మాత్రం పరుగులు తీస్తున్నాయి.

యంత్రం చెడిపోయిందనుకున్నాడు. మరమ్మతు చేశాడు. మళ్ళీ అదే. పెద్దవాళ్ళను పడుకోబెట్టి చూశాడు. వాళ్ళకీ అంతే, రాత్రికి నాలుగైదు సార్లు. ఒక రాత్రి ఒకతని కలాలు మరీ విపరీతంగా ఊగుతుంటే వెళ్ళి లేపాడు. ఆ మనిషి పీడకలలో ఏడుస్తున్నాడు. అప్పుడు అర్థమైంది, ఇది కల జరుగుతున్న సమయమని. ప్రొఫెసరు మాత్రం వెంటనే నమ్మలేదు. తన కూతురినే పడుకోబెట్టి పరీక్షించి, అప్పుడు ఒప్పుకున్నాడు.

1953 సెప్టెంబరు 4న 'సైన్స్' పత్రికలో ఇద్దరి పేర్లతో రెండు పేజీల చిన్న వ్యాసం వచ్చింది. కళ్ళు కదులుతున్నప్పుడు 27 సార్లు లేపితే 20 సార్లు వివరంగా కల చెప్పారు. కళ్ళు కదలనప్పుడు 23 సార్లు లేపితే 19 సార్లు ఏమీ గుర్తులేదన్నారు. అంతే లెక్క. కానీ కల ఎప్పుడు నడుస్తోందో, కల కనేవాడు నోరు విప్పకుండానే, బయటినుంచి తెలుసుకునే గుర్తు మనిషికి మొదటిసారి దొరికింది. కళ్ళు వేగంగా కదిలే ఈ నిద్రనే ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి 'రెమ్' నిద్ర అంటున్నారు.

చిత్రమేమిటంటే, అసెరిన్‌స్కీ ఆ వెంటనే నిద్ర పరిశోధన వదిలేసి సియాటిల్ వెళ్ళి సాల్మన్ చేపల మీద విద్యుత్తు ప్రభావం చూసే ఉద్యోగంలో చేరాడు. పనిని ముందుకు తీసుకెళ్ళింది అదే లాబ్‌లోని విలియం డిమెంట్. కలలో ఏళ్ళ తరబడి జరిగినట్టనిపించినా అదంతా క్షణంలో అయిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మకం. డిమెంటు, క్లైట్‌మన్ 1957లో అది తప్పని చూపించారు. కళ్ళు కదలడం మొదలైన ఐదు నిమిషాలకో, పదిహేను నిమిషాలకో లేపి, ఎంతసేపు కల గన్నారని అడిగితే, జనం చాలావరకు సరిగ్గానే చెప్పారు. కలలో కాలం దాదాపు మన గడియారం ప్రకారమే నడుస్తుంది.

ఇక్కడే అమ్మ మాటకి జవాబు దొరుకుతుంది. మన నిద్ర సుమారు తొంభై నిమిషాల ఆవృత్తులుగా సాగుతుంది. ఒక్కో ఆవృత్తి చివర కొంత రెమ్ నిద్ర. మొదటి ఆవృత్తిలో అది కొద్ది నిమిషాలే. రాత్రి గడిచే కొద్దీ పెరుగుతుంది. తెల్లవారుజామున అన్నిటికన్నా పొడుగు. పైగా ఆ కల మధ్యలోనో, చివరలోనో మెలకువ వస్తుంది కాబట్టి అదే గుర్తుంటుంది. అర్ధరాత్రి కలలు గాఢ నిద్రలో కొట్టుకుపోతాయి. అందుచేత తెల్లవారుజాము కల ప్రత్యేకమన్న పెద్దల గమనిక అబద్ధం కాదు. నిజమవుతుందనడమే ఆ గమనిక మీద కట్టుకున్న మేడ.

పిల్లల సంగతీ దీనితోనే అర్థమవుతుంది. పడుకున్న గంటా రెండు గంటల్లో పిల్లవాడు ఒక్కసారిగా కేకపెట్టి లేచి కూర్చుంటాడు. పిలిచినా పలకడు. కళ్ళు తెరిచే ఉంటాయి, మనల్ని గుర్తుపట్టడు. పొద్దున అడిగితే ఏమీ తెలియదంటాడు. అమ్మమ్మ దిష్టి తీస్తుంది. ఇది సాధారణంగా కల కాదు. గాఢ నిద్రలోంచి సగం మాత్రమే మేలుకోవడం. గట్టిగా కుదిపి లేపకుండా, దెబ్బ తగలకుండా దగ్గరుండి చూసుకుంటే మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. అసలు పీడకల తెల్లవారే వైపు వస్తుంది. అప్పుడు పిల్లవాడు పూర్తిగా మేలుకుంటాడు, ఏం వచ్చిందో చెప్తాడు. అప్పుడు కావలసింది దగ్గరికి తీసుకుని వినడం.

ఇక చివరి ఘట్టం. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో మిషెల్ జువే అనే శాస్త్రజ్ఞుడు పిల్లుల మీద పనిచేస్తూ 1959లో ఒక వింత ప్రకటించాడు. ఈ నిద్రలో మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది, ఒంట్లో కండరాలు మాత్రం పూర్తిగా పట్టు వదిలేస్తాయి. మెదడు కింది భాగంలోని ఒక చోటు ఈ తాళం వేస్తుంది. అక్కడ చిన్న కోత పెడితే పిల్లులు నిద్రలోనే లేచి, కనిపించని ఎలుకని తరిమినట్టు, కనిపించని శత్రువుతో పోట్లాడినట్టు చేశాయి. అంటే కలలో పరిగెత్తుతున్న మనిషి మంచం మీదే ఉండడానికి కారణం ఆ తాళమే. ఒక్కోసారి మెలకువ వచ్చినా తాళం కొద్దిసేపు ఊడదు. కాలూ చెయ్యీ ఆడదు, ఊపిరి బరువుగా ఉంటుంది. గుండెల మీద దయ్యం కూర్చుందని మన ఊళ్ళలో అనేది దీన్నే.

మరి మనుషుల్లో ఆ తాళం పాడైతే? 1986లో మినియాపొలిస్‌లోని కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అనే వైద్యులు సరిగ్గా అలాంటివాళ్ళ గురించి రాశారు. ఎక్కువగా పెద్ద వయసు మగవాళ్ళు. నిద్రలో అరుస్తారు, గుద్దుతారు, తంతారు, మంచం మీద నుంచి దూకుతారు. లేపితే, ఎవరో మీద పడితే కాచుకుంటున్నానంటారు. వీళ్ళు పగలు ఎంతో శాంతస్వభావులు కావచ్చు. 1996లో అదే బృందం, ఇలాంటి 29 మంది మగవాళ్ళలో 11 మందికి కొన్నేళ్ళలో పార్కిన్‌సన్స్ తరహా జబ్బు మొదలైందని తెలిపింది. తర్వాతి పరిశోధనల్లో ఆ పాలు ఇంకా ఎక్కువని తేలింది. చేతులు వణకడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ జబ్బు కలల్లో కనిపించవచ్చన్నమాట.

ఈ సంగతి మనకి ఎందుకు ముఖ్యమో చెప్తాను. మన తల్లిదండ్రులు అక్కడ ఉంటారు, ఆరు నెలలకని ఇక్కడికి వస్తారు. నాన్న రాత్రి కేకలు పెడుతున్నాడని, చెయ్యి విసిరితే తగిలిందని అమ్మ ఎవరితోనూ చెప్పదు. చెప్పినా "వయసు మీద పడింది కదా, కలవరింతలు" అంటుంది. లేదా ఆయన మనసులో ఏదో కోపం దాచుకున్నాడని తనలో తనే బాధపడుతుంది. అది కోపం కాదు, గాలీ ధూళీ కాదు. అలా పదేపదే జరుగుతుంటే నిద్ర వైద్యుడికో, నరాల వైద్యుడికో చూపించాలి. కొన్ని మందుల వల్లా ఇలా జరగవచ్చు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బూ ఇలాగే కనిపించవచ్చు. అందుకని మనంతట మనం భయపడిపోనూ కూడదు, ఊరుకోనూ కూడదు. తీవ్రత తగ్గించే మందులున్నాయి. మంచం పక్కన గాజు సామాను తీసేయడం, కింద పరుపు వేయడం ఆ రాత్రే చేయగలిగిన పనులు.

ఇంతకీ కలలు ఎందుకు వస్తాయి? 1977లో హార్వర్డ్‌కి చెందిన హాబ్సన్, మెకార్లీ, మెదడు కింది భాగంలో పుట్టే అలజడికి పైభాగం అల్లే కథే కల అన్నారు. 1997లో మార్క్ సోమ్స్, మెదడు దెబ్బతిన్న రోగులను పరిశీలించి, కలకీ రెమ్ నిద్రకీ విడదీయలేని ముడి లేదనీ, కోరికలకు సంబంధించిన భాగాలకు కలలో పాత్ర ఉందనీ వాదించాడు. రెమ్ కాని నిద్రలోనూ కలలు వస్తాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. జ్ఞాపకాలను సర్దుకోవడానికని కొందరు, మనసులోని బాధను మెత్తబరచడానికని కొందరు అంటున్నారు. చర్చ తెగలేదు.

తెగినంతవరకు తెగినది ఒకటే. కల గన్నవాడి మాట ఒక్కటే వింటూ కూర్చున్నంత కాలం కల గురించి తెలిసింది కొంచెం. పక్కన ఒకరు మేలుకుని చూశాక తెలిసింది చాలా. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, జెట్ లాగ్ తగ్గాక, ఒక రాత్రి వాళ్ళ గది తలుపు దగ్గర ఓ నిమిషం నిలబడండి. పొద్దున కాఫీ తాగుతూ, నాన్నగారికి నిద్ర ఎలా పడుతోందని అమ్మని విడిగా అడగండి.

అమ్మ మళ్ళీ ఫోన్ చేసి కల్లోకొచ్చావంటే నవ్వి పెట్టేయకండి. చరకుడి పట్టికలో నాలుగోది గుర్తుందిగా, కోరుకున్నది. మీరు అరుగు మీద కూర్చుని అన్నం అడగాలని ఆవిడ కోరిక. అది జరగబోయేదాని గురించి కాదు, జరగకుండా ఉండిపోతున్నదాని గురించి. టికెట్లు ఎప్పుడు కొంటున్నారో ఆవిడకి చెప్పండి.